పొద్దు మునిగితే లేచే మనిషి

'పాపం' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా తిరిగిన ఆ ఏళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువగా విన్న మాట అదే. ఒక ఇంటి ముందు బండి ఆపితే చాలు, ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, నీళ్ళకు పోయేవాళ్ళు కూడా ఆగి 'పాపం' అనేవాళ్ళు. అనేసి ఎవరి పని మీద వాళ్ళు పోయేవాళ్ళు.

తొంభైల చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. పుట్టుకతోనే బుద్ధి ఎదగని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ ఆరోగ్యం చూడటం మా పని. మూర్ఛ ఉన్నవాళ్ళకు మాత్రలు అందుతున్నాయా, పళ్ళు పుచ్చాయా, ఒంటి మీద పుళ్ళున్నాయా, స్నానం తమంతట తాము చేస్తున్నారా, ఇవీ చూడాల్సినవి. పిల్లలైతే అంతో ఇంతో పట్టించుకునేవాళ్ళుండేవారు. నలభై ఏళ్ళ మనిషి దగ్గరికి నర్సు రావడం ఏమిటని జనానికి విచిత్రంగా ఉండేది. "ముదిరిపోయిన చెట్టుకి నీళ్ళు పోస్తాండావు నర్సమ్మా" అని ఒక పెద్దమనిషి నవ్వాడు. ముదిరిన చెట్టుకైనా నీళ్ళు లేకపోతే ఎండుతుంది కదా అని నేనూ నవ్వాను. నవ్వుతూ అన్నానే కానీ ఆ రోజంతా ఆయన మీద కోపం తగ్గలేదు.

ఇప్పుడు చెప్పబోయే ఇల్లు ఊరికి ఆ చివర, గొర్రెల దొడ్డి పక్కన ఉండేది. ఇంట్లో ముగ్గురే మనుషులు: అన్న, వదిన, తమ్ముడు. అన్న పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. నేను చూడటానికి పోయేది తమ్ముడిని. నలభై దగ్గర పడినవాడు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, చిన్న చెవులు. బుద్ధి చంటిపిల్లవాడిదని ఊరంతా అనేది కానీ, మందలోంచి తప్పిపోబోయే గొర్రెను మళ్ళించడం, తొట్టి నింపడం, సాయంత్రం దొడ్డికి ముళ్ళకంప అడ్డం లాగడం ఆయన పనులే. నోట పలికేవి కొద్ది మాటలు. వదినను 'దినా' అని పిలిచేవాడు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఇక్కడ మాత్రం వదిన అనే రాస్తాను, ఆ ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వినపడే పిలుపు అదే కాబట్టి.

వదిన నోరు ఊరికంతటికీ తెలుసు. మాట మొదలు పెడితే తిట్టుతోనే మొదలు పెట్టేది. పళ్ళెం పెడుతూ తిట్టేది, నీళ్ళు పోస్తూ తిట్టేది, తల తుడుస్తూ తిట్టేది. మొదట్లో నాకు ఆమె అంటే గిట్టేది కాదు. కొన్ని నెలలు పోయాక గమనించాను. ఆ మనిషి గోళ్ళు ఎప్పుడు చూసినా కత్తిరించి ఉండేవి, చొక్కాకు గుండీలన్నీ ఉండేవి. మా జాబితాలో ఉన్న ఇళ్ళన్నిటిలో అంత శుభ్రంగా కనిపించిన మనిషి ఆయనే. ఆ తర్వాత ఆమె తిట్లు నన్ను బాధించలేదు.

రెండు వేలు దాటాక, వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్ళలో ఒకటి అది. వేసవి దాటి నేను వెళ్ళేసరికి ఆ ఇల్లు ఇల్లులా లేదు. తమ్ముడు గోడ వైపు ముఖం పెట్టుకుని మూల కూర్చుని ఉన్నాడు. పక్కన కర్ర. ఎవరు దగ్గరికి పోయినా గాలిలో కర్ర ఊపుతున్నాడు. వదిన మోచేతి మీద వాచిన దెబ్బ కనిపించింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"ఏమయ్యేదేముండాది, గాలి సోకినాది" అంది. "పొద్దంతా ఇట్లే గోడకల్లా చూసుకోని కూచోనుంటాడు. పిలిస్తే పలకడు. గొర్లెంబడి పొమ్మంటే కర్ర ఎత్తుతాడు. మూలనే ఒంటికి పోతాడు. పొద్దు మునిగితే సాలు, లేస్తాడు. దొడ్డి కాడికి పోతాడు, ఈదిలోకి పోతాడు, బాగుండే మనిషి మాదిరి తిరుగుతాడు. మనిషైతే పగలు తిరుగుతాడు గానీ, మసకపడినాంక తిరిగేది ఏమిటో నీకు నేను చెప్పల్లనా?"

అన్న అరుగు మీద కూర్చుని వింటున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం తనే చెప్పాడు. వేరుశనగ ఎటూ పోయింది, మేత లేదు, గొర్రెలను అమ్మేసి దీపావళి దాటగానే బెంగళూరుకు పోతారట, బిల్డింగు పనికి. తమ్ముడిని పక్క జిల్లాలో ఒక గుడి దగ్గర వదిలి వస్తారట. గాలి సోకినవాళ్ళను అక్కడ కూసాలనే రాతిస్తంభాలకు కట్టేసి, నయమయ్యేదాకా ఉంచుతారని ఎవరో చెప్పారు.

"ఎన్నాళ్ళు కట్టేస్తారన్నా?" అని అడిగాను.

"నయమయ్యేదాకా" అన్నాడు.

"కాకపోతే?"

వదిన చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ గుడిని అంతకు ముందొకసారి చూశాను. కూసాల దగ్గర మనుషులను చూశాను, వాళ్ళ చీలమండల మీద తాడు ఒరుసుకుపోయిన చోట్లు చూశాను. తమ్ముడు అక్కడికి పోకూడదు. ఏం చేసి ఆపాలో తెలియకపోయినా, ఆపుతానని మాత్రం ఆ అరుగు మీద కూర్చునే అనుకున్నాను.

మధ్యాహ్నం వదిన ఆ మూలకే సంగటి తెచ్చి పెట్టింది. పళ్ళెం ముందు పెట్టగానే ఆయన చెయ్యి సంగటి ముద్ద మీదికి పోలేదు. ముందు పళ్ళెం అంచు పట్టుకుంది. అంచు వెంబడి చుట్టూ తిరిగింది. అప్పుడు లోపలికి పోయి ముద్దను దొరకపుచ్చుకుంది. "సూడు, తినేదాంట్లో గూడా ఆటలే" అంది వదిన. నాకు అది ఆటలా అనిపించలేదు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఆ రోజు వెళ్ళాల్సిన మిగతా ఇళ్ళు మానేసి అక్కడే కూర్చున్నాను. పగలు ఆయన ఒకే ఒక్కసారి లేచాడు, గోడను అరచేత్తో రాసుకుంటూ గడప దాకా వెళ్ళి, ఎండ ముఖానికి తగలగానే కళ్ళు చిట్లించి వెనక్కి వచ్చేశాడు. పొద్దు వాలింది. వదిన చెప్పినట్టే లేచాడు. గోడ తడమలేదు. గడప దాటి, నా చెప్పులు తొక్కకుండా పక్కగా అడుగేసి, దొడ్డి దగ్గరికి పోయి కంప సర్దాడు. అరుగు మీద అన్న, వదిన ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. దయ్యానికి పగలు గోడ తడుముకోవాల్సిన అవసరం ఏముంది?

ఆయన దొడ్డిలోంచి రాగానే గడప మీద కూర్చోబెట్టి, సంచిలోంచి టార్చి తీసి కంట్లోకి వేశాను. కర్ర ఎత్తబోయాడు, వదిన తిట్టింది, దించాడు. నల్లగా ఉండాల్సిన కంటిపాప నడుమ పాలపొర. రెండో కంట్లోనూ అంతే.

"అక్కా, గాలీ లేదు ధూళీ లేదు. శుక్లాలు. కళ్ళకు పొర వచ్చింది" అన్నాను.

"ముసలోల్లకు వచ్చేది గదా అది? వీనికేంటికి వస్తాది?"

"ఇలాంటివాళ్ళకు వయసు పైబడకముందే వస్తుంది."

"మరి సందకాడ యట్ల కనపడతాదమ్మా?"

చెప్పాను. ఎండలో కంటిపాప చిన్నదై ఆ సందు నిండా పొరే అడ్డం ఉంటుంది, మసకలో పెద్దదవుతుంది, పొర పక్కనుంచి కొంచెం వెలుతురు లోపలికి పోతుంది, అందుకే ఆయన పొద్దు మునిగాక బయటికి వస్తాడు. పగలు ఎవరో దగ్గరికి వస్తున్నారని అలికిడి తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు, అందుకే కర్ర. వదిన ఆయన చేతిలోంచి కర్ర మెల్లగా తీసుకుని గోడకు ఆనించింది. ఆమె తిట్టకుండా ఒక పని చేయడం నేను అదే మొదటిసారి చూశాను. అన్న మాత్రం నమ్మలేదు. "సూద్దాంలే" అన్నాడు. ఆయన 'చూద్దాంలే' అంటే కాదని అర్థం. దీపావళి దాకా మాత్రం తను గుడి మాట ఎత్తనని తర్వాత వదిన చేత నాకు చెప్పించాడు.

జిల్లా పట్నంలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో పేదవాళ్ళకు ఉచితంగా ఆపరేషన్లు చేసేవాళ్ళు. అక్కడికి తీసుకెళ్ళాం, వదిన, నేను, ఆయన. డాక్టరు కళ్ళు చూసి శుక్లాలేనన్నాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి. వరండాలో పొద్దున్నుంచి బారులు తీరిన జనం. "మత్తు ఇచ్చి చేయడానికి ఇతని గుండె బాగా లేదు. కంటి పక్కన సూది వేసి, మెలకువగా ఉండగానే చేయాలి. కదలకుండా పడుకుంటాడా?" అన్నాడు. పడుకుంటాడన్నాను. పడుకోలేదు. బల్ల మీద పడుకోబెట్టి, కంటి దగ్గర మాత్రం తెరిచి ఉండే పలచటి గుడ్డ ముఖం మీద కప్పారు. అంతే, ఆ మనిషి వేసిన కేకకు వరండా అంతా లేచి నిలబడింది. గుడ్డ లాగేసి, పక్కనున్న ట్రే తన్నేసి, బల్ల దిగి 'దినా, దినా' అంటూ గోడలు తడుముకుంటూ పరిగెత్తాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ, "తీసుకుపోమ్మా. నా వల్ల కాదు. కత్తి పట్టుకున్నప్పుడు ఇలా చేస్తే కన్నే పోతుంది" అన్నాడు. తర్వాత, నాకు ధైర్యం చెబుదామనే కాబోలు, "ఇలాంటివాళ్ళకు చూపు వచ్చినా ఏం చేసుకుంటారు చెప్పు" అన్నాడు.

"మీకు చూపెందుకని మిమ్మల్నెవరైనా అడిగారా సార్?" అన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. కోప్పడలేదు. "కదలకుండా పడుకునేలా చేసుకుని రా, చేస్తాను" అన్నాడు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను.

బస్సులో తిరిగి వస్తుంటే ఆయన వదిన కొంగు వదలలేదు. వదిన కిటికీలోంచి బీడుపడ్డ చేలను చూస్తూ చెప్పింది. అత్త చనిపోయినప్పుడు ముఖం మీద పలచటి పంచె కప్పారట. ఈయన పక్కన కూర్చుని ఆ పంచె తీస్తూనే ఉన్నాడట, వాళ్ళు మళ్ళీ కప్పుతూనే ఉన్నారట. చివరికి కప్పినది కప్పినట్టే ఎత్తుకుపోయారట.

"గుడ్డ కప్పితే మళ్ళ రారని వీనికి తెలుసు" అంది.

ఆయన్ని మొండివాడనుకున్నాం, పిచ్చివాడనుకున్నాం, దయ్యం పట్టిందనుకున్నాం. ఆయనకు తెలిసిన లెక్క ప్రకారం ఆ బల్ల మీద ఆయన చేసింది ఎవరైనా చేసేదే. బతికుండగా ముఖం మీద గుడ్డ కప్పితే నేనూ తన్నేదాన్ని.

తర్వాతి వారం వెళ్ళేసరికి మధ్యాహ్నం ఆయన పడుకుని ఉన్నాడు. నల్ల కంబళి తల మీదుగా ముఖం నిండా లాక్కుని, హాయిగా గురకపెడుతున్నాడు. గొర్రెల వెంట తిరిగేవాళ్ళకు ఇల్లూ గొడుగూ కంబళే. తుంపర పడినా, మంచు కురిసినా, ఎండ కొట్టినా ముసుగు లాక్కుంటారు. ఆయన చిన్నప్పటినుంచి అలా పడుకున్నవాడే. గుడ్డంటే చావు, కంబళంటే నిద్ర. అంత తేడా ఉందని చూశాక ఇక ఏం చేయాలో నాకు తెలిసిపోయింది.

"అక్కా, మనం వాళ్ళ ఆపరేషన్ బల్లను ఇక్కడికే తెద్దాం" అన్నాను.

"నీకూ గాలి సోకినట్లుండాదే" అంది వదిన. అంటూనే నులకమంచం వాల్చింది.

అక్కడి నుంచి దీపావళి దాకా మా పని అదే. వారంలో నేను వెళ్ళగలిగిన రోజుల్లో నేను, మిగతా రోజుల్లో వదిన. మొదట మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కంబళి కప్పేవాళ్ళం, ఆయనకు ఇష్టమే. తర్వాత కంబళి కింద ఆసుపత్రి వాళ్ళిచ్చిన పాత ఆకుపచ్చ గుడ్డ పెట్టాం. అంతకు ముందు ఆ గుడ్డను కొన్నాళ్ళు ఆయన పరుపులో, గొర్రెల ఉన్నితో కలిపి ఉంచాం. తర్వాత కంబళిని కొంచెం కొంచెం కిందికి లాగుతూ వచ్చాం, గడ్డం దాకా, గుండె దాకా. ఒక్కోరోజు అంతా బాగుండేది. ఒక్కోరోజు గుడ్డ ముక్కుకు తగలగానే లేచి కూర్చునేవాడు, అప్పుడు మళ్ళీ మొదటికి. నాకు విసుగొచ్చేది. విసుగు వచ్చినప్పుడల్లా ఆ కూసాల దగ్గర చూసిన చీలమండలు గుర్తుకు తెచ్చుకునేదాన్ని.

కంట్లో చుక్కలు ఇంకో పోరాటం. కాచి చల్లార్చిన నీళ్ళను చుక్కల సీసాలో పోసి, ఆయన చూపు అందేంత దగ్గరగా ముందు నా కంట్లో వేసుకున్నాను, తర్వాత వదిన కంట్లో, తర్వాత అన్న కంట్లో. అందరికన్నా ఎక్కువ గోల చేసింది అన్నే. "గొర్లు కాసేవానికి ఈ కతలేంటికి తల్లీ" అని కళ్ళు నులుముకుంటూ అరుగు దిగి పారిపోయాడు. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే తన కంట్లో వేయించుకున్నాడు. ఆ తర్వాత అన్నకు మా పని మీద కొంత గురి కుదిరింది. తన తలగుడ్డ చింపి ఇచ్చాడు, ఆపరేషన్ తర్వాత కంటికి కట్టే కట్టు అలవాటు చేయడానికి. దాన్ని కట్టుకుని, ముట్టుకోకుండా ఉంటే సాయంత్రం దొడ్డికి కంప అడ్డం లాగనిచ్చేవాళ్ళం. ముట్టుకుంటే లేదు. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

స్పిరిట్ వాసన, కంటి చుట్టూ వేలితో నొక్కడం, బల్ల గట్టిదనం, అన్నీ అయ్యాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. గుడ్డ కింద ఎక్కువసేపు ఉండలేకపోతున్నాడు. కాసేపటికి కాళ్ళు ఆడించడం, తర్వాత 'దినా' అని పిలవడం, తర్వాత లేవడం. కథ చెప్పి చూశాను. పాట పాడి చూశాను, నా గొంతు వినలేక ముందే లేచాడు. ఒకరోజు వదిన మంచం పక్కన కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తూ, అలవాటు కొద్దీ తిట్టడం మొదలు పెట్టింది. పిల్లి పాలు తాగిందని తిట్టింది, వాన రాలేదని తిట్టింది, బుట్ట నిండలేదని ఆయన్నే తిట్టింది. ఆమె తిట్టినంతసేపూ ఆయన కదల్లేదు. ఆమె నీళ్ళు తాగడానికి ఆపింది, ఆయన కాళ్ళు ఆడాయి. మళ్ళీ మొదలు పెట్టింది, ఆగాయి.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "అక్కా, ఆపొద్దు" అన్నాను. బుట్టలో కాయలన్నీ అయిపోయేదాకా ఆమె తిట్టింది, ఆయన పడుకున్నాడు. ఆమె గొంతు వినపడుతుందంటే ఆమె అక్కడే ఉన్నట్టు. గుడ్డ కప్పినా పోలేదన్నట్టు. ఆ రోజు బండెక్కి వస్తుంటే దారి పొడుగునా నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

దీపావళి వారం ఉందనగా మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. ఈసారి అన్న కూడా వచ్చాడు. గొర్రెలు అప్పటికే సగం అమ్మేశాడు. బస్సు దిగగానే నాతో పక్కకు చెప్పాడు, "ఇదే కడాపటిది నర్సమ్మా. ఈసారి గూడా కాలేదంటే నువ్వు ఇంగ అడ్డం రావాకు." నేను తల ఊపలేదు.

"వాళ్ళ వదిన లోపలికి రావాలి సార్" అని డాక్టరుతో అన్నాను. థియేటర్లోకి ఇంటివాళ్ళను రానిచ్చేది లేదన్నాడు. "అయితే చేయలేరు" అన్నాను. "ఆమె ఏం చేస్తుంది లోపల?" అన్నాడు. "తిడుతుంది" అన్నాను. ఆయన ముఖం చూడాలి అప్పుడు. వేళాకోళం కాదని విడమరచి చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. చివరికి సరేనన్నాడు, అలసటతోనో, నన్ను వదిలించుకోవడానికో. వదినకు ఆకుపచ్చ గౌను, టోపీ, ముక్కుకు గుడ్డ వేసి, ఆయన కాళ్ళ దగ్గర స్టూలు వేశారు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు.

గుడ్డ కప్పారు. ఆయన గుప్పిళ్ళు బిగుసుకున్నాయి. వదిన నోరు పెగల్లేదు. ఊరినంతా హడలెత్తించే మనిషి ఆ లైట్లు, ఆ కత్తులు చూసి బిగుసుకుపోయింది. ఆయన మోకాలు లేస్తోంది. "అక్కా!" అన్నాను తలుపు దగ్గర్నుంచి, గట్టిగా. ఆమె ఉలిక్కిపడి ఆయన పాదం పట్టుకుంది.

"యాడికి లేస్తాండావురా?" అంది. "ఈడే ఉండా. యాడికీ పోలే. కదిలినావంటే కాళ్ళిరగ్గొడతా. నీ అన్న ఉండాడే, వాడు బయట కూచోని బీడీ కాలుస్తాంటాడు, నాకు తెలుసు. ఇద్దరూ ఇద్దరే. నా తలరాత గాకుంటే ఈ ఇంటికి ఏంటికి వస్తును…"

మోకాలు దిగింది. సూది పడింది, ఆయన మూలిగాడు, లేవలేదు. ఆ తర్వాత వదిన గొంతు సర్దుకుంది. ఇంటిపక్కామెను తిట్టింది, రేషన్ కిరోసిన్ ఇవ్వనివాణ్ణి తిట్టింది, నన్ను కూడా వదల్లేదు. తిట్లు అయిపోతే మొదటికొచ్చేది. మధ్యలో ఒక చిన్న నర్సు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. డాక్టరు తల ఎత్తకుండా, "ఆపొద్దమ్మా, ఇంకొంచెం" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట విన్నప్పుడు తలుపు పట్టుకున్న నా చెయ్యి వదులైంది.

కట్టు ఉన్నంతసేపూ ఆయన ముట్టుకోలేదు. చెయ్యి పైకి పోయేది, "కంప" అని గుర్తు చేస్తే దిగేది. రాత్రి వదిన పక్కనే నేల మీద పడుకుంది. అన్న వార్డు బయట. గుడి మాట ఇంకా ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. చూపు రాకపోతే దీపావళి తర్వాత బస్సు పక్క జిల్లాకే పోతుంది.

పొద్దున్నే డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. కిటికీలోంచి ఎండ సూటిగా మంచం మీద పడుతోంది. ఆయన అలవాటుగా ముఖం గోడ వైపు తిప్పుకోబోయి ఆగాడు. చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు విప్పి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత డాక్టరు చొక్కా చూశాడు. తర్వాత నన్ను.

"ఏంరా, కనపడతాందా లేదా? నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది వదిన పక్కనుంచి.

గొంతు వచ్చిన వైపు తిరిగాడు. ఆమెను చూస్తూ ఉండిపోయాడు. గొంతు ఆమెదే కానీ, ఆ ముఖం ఆమెదేనా అన్న అనుమానం ఆయనకు పోలేదు. లేచి మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల దగ్గరగా వంగాడు. "దినా, బూడిద" అన్నాడు. అని, ఆమె జుట్టులోకి చెయ్యి పెట్టి దులపసాగాడు. మెల్లగా, పొయ్యి దగ్గర్నుంచి వచ్చినప్పుడు ఎవరైనా దులిపినట్టే. ఎంత దులిపినా పోవడం లేదు. చొక్కా కొనతో తుడవబోయాడు.

ఆమె కదలకుండా కూర్చుంది. నాకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. వదిన తల ఒక ఏడాదిలో నెరిసిన తల కాదు. నేను ఆ ఇంటికి పోవడం మొదలు పెట్టినప్పటికే పాపిట పక్కన తెల్లగా ఉండేది. ఇంట్లోవాళ్ళం, బయటివాళ్ళం అందరం చూస్తుండగా, ఎన్నేళ్ళ నుంచో ఆ మనిషికి మనుషుల ముఖాలు ఆనడం లేదు.

"బూడిద కాదప్పా" అంది వదిన. మొదటిసారి ఆయనతో ఆమె మాట తిట్టులా లేదు. "నెరిసినాది. ముసలిదాన్నైనా." కళ్ళు కొంగుతో తుడుచుకోలేదు, కారనిచ్చింది. తర్వాత ఆయన చెయ్యి తల మీద నుంచి తీసి, తన చేతిలో పట్టుకుని డాక్టరు వైపు తిరిగింది.

"రెండో కన్ను ఎప్పుడు చేస్తారు సార్?"

కొన్ని వారాలు ఆగాలని డాక్టరు అన్నాడు. ఈ కన్ను పూర్తిగా మానాక చూద్దామన్నాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్న అన్న గొంతు సవరించుకుని, "దీపావళి అయితానే బెంగళూరుకు పోవల్ల గదే. మేస్త్రీకి మాట ఇచ్చినా" అన్నాడు.

వదిన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "నువ్వు పో. మేమిద్దరం రెండో కన్ను అయినాంక వస్తాం" అంది. "బెంగళూరు యాడికీ పోదులే."